గడ్డి బంగ్లాలో పొయ్యి

రిటైరైన ఇంజనీరు తన వంతెనల గురించి రాసుకుంటాడని మీరు ఎదురుచూస్తారు. నేను కట్టిన వంతెనలు ఇంకా నిలబడే ఉన్నాయి, కాబట్టి వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నా చేతుల మీదుగా కూలిపోబోయిన ఒక ఇంటి సంగతి చెప్తాను. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు చదివితే మంచిది. చదివి నన్ను చూసి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. అప్పట్లో నవ్వినవాళ్ళు మీకంటే బాగా నవ్వారు.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది ఊళ్ళో గడి, అంటే కోటలాంటి పెద్ద భవంతి, ఉన్న భూస్వాముల కుటుంబం. ఉన్న అనకూడదు, ఉండిన. మా తాత కాలంలో అది టేకు స్తంభాల ఇల్లు. దూలాల మీద చిలకలు, తామరపూలు చెక్కి ఉండేవి. నాకు ఊహ వచ్చేనాటికి మా బాపు ఆ స్తంభాలను ఒక్కొక్కటే అమ్ముతూ ఇల్లు నడుపుతున్నాడు. నేను ఇంజనీరింగులో చేరిన ఏడాది తలవాకిలి దర్వాజా పోయింది. చివరికి ఆ ఇంట్లోంచి నాకు మిగిలింది ఒక తెల్ల జాజీము. పెద్దమనుషులు వస్తే నేల మీద పరిచేది. అది నా పెట్టెలో అడుగున పడి, నాకు బదిలీ అయిన ఊరికల్లా నాతో వచ్చింది.

ఇల్లు పోయినా నడుము వంచొద్దని మా బాపు చెప్పాడు. నేను అక్షరాలా పాటించాను. ఆఫీసులో నా వెనక నన్ను 'స్కేలు మింగిన సారు' అనుకునేవాళ్ళని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ఇరువైపులా మర్యాద పాటించాం.

తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు ఏర్పడిన రోజుల్లో నన్ను ఆత్మకూర్ వైపు డీఈగా వేశారు. నా పరిధిలో రోడ్లు, కల్వర్టులు, కొన్ని ప్రభుత్వ భవనాలు ఉండేవి. వాటిలో ఒకటి గడ్డి బంగ్లా. కృష్ణకు కొంత ఇవతల, ఒక చిన్న ఊరి చివర ఉంటుంది. నిజాం కాలంలో చెరువుల సర్వేకు వచ్చిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు కట్టించుకున్నాడట. ఆయనకు సొంతూరి మీద బెంగ. అక్కడి తన ఇంటి ఫోటో ఒకటి ఈ ఊరి వడ్ల వాళ్ళ, అంటే వడ్రంగుల, చేతికిచ్చి, అచ్చం ఇట్లాంటిది కావాలన్నాడట. వాళ్ళు ఇంగ్లండును చూడలేదు, ఫోటోను మాత్రం శ్రద్ధగా చూశారు. టేకు దుంగలతో చట్రం నిలబెట్టారు. చట్రం సందుల్లో తడిక అల్లి, మట్టి మెత్తి, సున్నం పూశారు. తెల్లటి గోడల మీద నల్లటి దూలాలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కనపడతాయి. పైన నిటారుగా దిగే బోదగడ్డి కప్పు, పడుకున్న ఏనుగు వీపంత మందంగా ఉంటుంది. ఒక పొగ గొట్టం కూడా కట్టారు గానీ అది మూడో వానాకాలానికే కూలిందట. దొర వెళ్ళిపోయాడు. ఫోటో మాత్రం అద్దం వెనక ముందు గది గోడకు ఉండిపోయింది.

ఆ ఇంటి వెనక గదిలో ఒక ముసలామె ఉండేది. ఆమె భర్త బంగ్లా వాచ్‌మన్. ఆయన పోయాక రోజుకూలీ కింద ఆమె ఆ పని చూసుకునేది. ఊళ్ళో హిందువులు, ముస్లింలు, చిన్నాపెద్దా అంతా ఆమెను ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, అనేవాళ్ళు. నడి గదిలో నేల మీద మట్టి పొయ్యి. గొట్టం లేదు కాబట్టి పొగ నేరుగా పైకి లేచి, కప్పు కింద మబ్బులా ఆగి, గడ్డిలోంచి నెమ్మదిగా బయటికి పోయేది. దూలాలన్నీ మసి పట్టి, జిడ్డుగా మెరుస్తూ ఉండేవి.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఆ గది మధ్యలో నిలబడి దగ్గుతున్నాను.

"కూసోండ్రి సాబ్. నిలవడ్డోళ్ళ కండ్లల్లకే పొగ," అని చాప జరిపింది ఖాలా. "జొన్నరొట్టె ఏడేడిగ ఉన్నది. జర తినండ్రి."

"నేను డ్యూటీలో తినను."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. "అట్లనా? మరి డ్యూటీ మీద కూసుండుడు గూడ వద్దన్నరా?"

మా వర్క్ ఇన్‌స్పెక్టర్ గోడ వైపు తిరిగి ఏదో కొలుస్తున్నట్టు నటించాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. నేను కూర్చోలేదు. టేపు అందుకుని, కళ్ళు మండుతున్నా, కొలతలు తీసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నన్ను పట్టేసింది. అమ్మేయని దూలాలు అన్ని ఒకేచోట చూసి నాకు చాలా ఏళ్ళయింది. దాన్ని బాగు చేయించాలని పట్టుబట్టి, పై వాళ్ళ చుట్టూ తిరిగి, మంజూరు తెచ్చాను. ఈ పని ఎవరికీ తెలియదు, నాకు మాత్రమే తెలుసు అనుకున్నాను. గడిలో పుట్టినవాడికి పాత ఇల్లంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

నేను చేసిన పనులు చెప్తాను. దూలాలకు పట్టిన మసినంతా గీకించి, కడిగించి, వార్నిష్ వేయించాను. టేకు రంగు తేలి పెండ్లికొడుకులా కనపడింది. పాత గడ్డి తీయించి కొత్త గడ్డి కప్పించాను. అన్నిటికంటే ముఖ్యంగా, గడ్డి ఇంట్లో నిప్పు ప్రమాదమని రాసి, నడి గదిలో పొయ్యి తవ్వి తీసేయించాను. ఖాలాకు వెనక రేకుల షెడ్డు వేయించి, గ్యాస్ పొయ్యి ఇప్పించాను. ఈ చివరిది చేసినప్పుడు నా మనసు చాలా పొంగింది. ముసలామెకు పొగ బాధ తప్పించాను కదా.

"పొయ్యి ఆరితే ఇల్లు అలుగుతది సాబ్," అంది ఖాలా.

"ఇల్లు అలగదు ఖాలా. నువ్వు అలిగినవు."

"నేనైతే రెండు రోజులకు మరుస్త. ఇల్లు మరువది."

మూఢనమ్మకం అనుకుని నవ్వేశాను.

కప్పు వేసినాయన పక్క ఊరి గొర్రెల కాపరి, ముసలాయన. ఆ ప్రాంతంలో గడ్డి కప్పేవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. కప్పు పూర్తయిన రోజే లోపల పొయ్యి వెలిగించాలి. కొత్త గడ్డిలోంచి పొగ లేచేదాకా వాళ్ళు అన్నం ముట్టరు. ఆయన నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని అడిగాడు.

"పొయ్యేడ పెట్టిన్రు సారు?"

"పొయ్యి లేదు. ఇకమీద ఈ ఇంట్లో నిప్పు ఉండదు."

"మరి ఇల్లు ఎండేదెట్ల?"

"ఎండ లేదా? మా గడికి పొగ తగలనే లేదు. వంటిల్లు వేరే కట్టడం. అయినా దూలాలు తరాలు నిలిచినై."

"ఇప్పుడున్నదా సారు మీ గడి?" అన్నాడాయన. వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు, అదే నాకు గుచ్చుకుంది. మా గడి చెద తిని పోలేదు, అమ్ముకుని పోయింది అని ఒక గొర్రెల కాపరికి వివరించడం ఎట్లా? జీపెక్కాను. ఆయన, ఆయనతో వచ్చినవాళ్ళు వండిన అన్నం ముట్టకుండా వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. వాళ్ళకు అలవాటు లేని చోట తినరేమో అనుకున్నాను. నాకూ అలవాటే కదా అది.

మొదటి వానాకాలం గడిచింది. అందరూ వచ్చి ఫోటోలు దిగారు. నా పై అధికారి ఈఈ మేడం, నల్లగొండ వైపు మనిషి, మాట పొదుపు, "ఎన్ని రోజులుంటది?" అని అడిగింది.

"పదేండ్లు. నా పేరు మీద రాసుకోండి," అన్నాను. రాసుకుంది.

రెండో వానాకాలం నడుస్తుండగా వర్క్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు.

"సార్, మన గడ్డి బంగ్లా మీద పుట్టగొడుగులు లేచినై."

"ఎన్ని?"

"ఇద్దరికి కూరైతది సార్."

వెళ్ళి చూశాను. కప్పు ఉత్తరం వైపు నల్లబడి, చేత్తో పట్టుకుంటే పేడలా ఊడి వస్తోంది. లోపల నేల మీద పసుపు పొడి చల్లినట్టు సన్నటి చెక్క పొడి. వాసాల్లో, కప్పు వెదుళ్ళలో పుప్పి పురుగు పడింది. మూల స్తంభం మొదట్లో చెద మట్టి దారి కట్టుకుంది. వెనకాలే ఈఈ మేడం వచ్చింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి ఆ స్తంభం మొదట్లో గుచ్చింది. పిడి దాకా దిగింది. బయటికి తీసి, తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"పదేండ్లన్నరు," అంది.

నేను స్తంభానికి పడిన కన్నం వైపు చూశాను.

"పై నుంచి అడుగుతున్నరు. ఇది శిథిల భవనమని మీరు సర్టిఫికెట్ ఇస్తే ఈ జాగల స్లాబు గెస్ట్‌హౌజ్ కట్టుకుంటం. ప్లాన్ తయారున్నది."

"ఖాలా?"

"కొత్తదానికి ఏజెన్సీ సెక్యూరిటీ వస్తరు." ఆమె ఫోన్ చూసుకుంటూ అంది గానీ, చూస్తున్నట్టు లేదు. "దసరా ఎల్లేదాకా టైమిస్త. సంతకం మీదే. బాగు చేపించింది గూడ మీరే గద."

ఆమె వెళ్ళాక నేను ముందు గదిలో నిలబడి ఉన్నాను. సంతకం పెడితే ఒక పాత ఇల్లు పోతుంది. ఇళ్ళు పోవడం నాకు కొత్త కాదు. కానీ మా గడిని మా బాపు గతిలేక అమ్మాడు. ఇది నా తెలివితో పోతోంది. పైగా వెనక రేకుల షెడ్డులో ఒక ముసలామె ఉంది. ఆమెకు వేరే చోటు లేదు.

ఖాలా ఛాయ్ తెచ్చింది. గ్యాస్ మీద కాచిన ఛాయ్. తాగాను, అది డ్యూటీ నియమం కిందికి రాదు.

"సాబ్, ఒకటడుగుత. కోపం చెయ్యరాదు."

"అడుగు."

"మీరు ఈ ఫోటో ఎన్నిసార్లు చూసిన్రు?"

"లెక్కలేదు. దీన్ని చూసే కొలతలన్నీ సరిపోల్చుకున్న. దూలాలెన్ని, కిటికీలెన్ని, కప్పు వాలు ఎంత..."

ఆమె కొంగుతో అద్దం తుడిచింది. దొర సొంతూరి ఇల్లు. ఈ బంగ్లాలాగే నల్ల దూలాలు, తెల్ల గోడలు, గడ్డి కప్పు. ముందు ఒక ముసలామె కుర్చీలో కూర్చుని ఉంది. ఖాలా వేలు ముసలామె మీద ఆగలేదు, ఇంకా పైకి పోయింది.

"గిదేంది సాబ్?"

కప్పు మీద, ఆకాశంలో కలిసిపోయి, మరకలా ఉన్నదాన్ని నేను అన్నాళ్ళూ ఫోటో పాతబడి వచ్చిన మచ్చ అనుకున్నాను. మచ్చ కాదు. పొగ.

"దొరకు తెల్సు," అంది ఖాలా. "వడ్లోళ్ళకు తెల్సు. నా మొగనికి తెల్సు. గడ్డి కప్పెటి ముసలాయనకు తెల్సు. ఇన్నేండ్లు కట్టె కట్టె ఎండబెట్టింది పొగనే. మసి పట్టిన కట్టెను పురుగు ముట్టది, చేదు. మీరు కడిగి తియ్యగ చేస్తిరి."

"ముందే చెప్పొచ్చు కదా!"

"ఇల్లు అలుగుతదని చెప్పలేనా? ఇంక ఎట్ల చెప్పాలె? ఇంగ్లీషుల నాకు రాదాయె."

పై దూలం కింద నిలబడి నాకు ఒక సంగతి తట్టింది. మా గడిలో వంటిల్లు ఇంటి వెనక వేరుగా ఉండేది. నేను ఆ వాకిలి ఎన్నడూ దాటలేదు. మా పొలాల్లో పనిచేసినవాళ్ళంతా గడ్డి ఇళ్ళలో ఉండేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోకీ నేను ఎన్నడూ వంగి వెళ్ళలేదు. ఆ వాకిళ్ళు పొట్టివి, వంగితే గానీ మనిషి పట్టడు. గడ్డి ఇంటి సంగతి తెలియకపోవడానికి నా దగ్గర అన్ని అర్హతలూ ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నమే ఆఫీసులో కూర్చుని ఈఈ మేడంకు నోట్ రాశాను. నా సర్వీసులో నేను రాసిన నోట్లలో అదే పొట్టిది. 'నష్టానికి కారణం ఇంటిలోని పొయ్యి తీసివేయడం, దూలాల మసి కడగడం. రెండూ నా ఆదేశాల మేరకు జరిగినవి. పొయ్యి తిరిగి పెట్టుటకు అనుమతి కోరుతున్నాను.' టైప్ చేసిన క్లర్కు రెండుసార్లు చదివి, "సార్, 'కాంట్రాక్టర్ నిర్లక్ష్యం' అనే లైను మర్చిపోయినట్టున్నరు, పెట్టమంటరా?" అని అడిగాడు. పాపం, సహాయం చేద్దామనే.

గొర్రెల కాపరి ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన గడ్డి ఇంటి వాకిలి దగ్గర నాకు నా పొడవు తెలిసింది. వంగి లోపలికి వెళ్ళాను. లోపల గొర్రెపిల్లలు రెండు నన్ను చూసి అరిచాయి.

"పొయ్యి పెడ్తున్న తాతా. వచ్చి కప్పాలె."

"అన్నం పెడ్తరా?"

"పెడ్త."

"పొగ లేసినంకనే తింట."

"తెల్సు."

"ఇప్పుడు తెల్సు," అని సవరించాడు.

ఆ తర్వాత నెలన్నర ఆ ఇంట్లో జరిగింది ఇంజనీరింగు అనడానికి నాకు నోరు రాదు. మూల స్తంభం మొదలు కోసి, వడ్లాయన కొత్త టేకు ముక్క అతికాడు. చెడిన గడ్డి, పుప్పి పట్టిన వాసాలు, వెదుళ్ళు తీశాం. నడి గదిలో ఖాలా తన చేత్తో మట్టి పొయ్యి వేసింది, చుట్టూ మట్టి గట్టు. నేను ఇసుక బకెట్లు, నీళ్ళ డ్రమ్ము పెట్టించాను. ఆమె అవి చూసి, "ఉండనీ సాబ్, మీకు నిద్ర పడ్తది" అంది. ఆమె నియమాలు నా వాటికంటే కఠినం. తుమ్మ కట్టె, చింత కట్టె తప్ప ఏదీ పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు. చిటపటమని రవ్వలు లేచే కట్టె తెస్తే తెచ్చినవాడిని తిట్టి పంపేది. పొద్దున వంట, తర్వాత వేపాకు పొగ, ఆ తర్వాత బూడిద కింద నిప్పు. కప్పు పూర్తయిన నాడు గడ్డి సందుల్లోంచి నెమ్మదిగా పొగ లేస్తుంటే ముసలాయన తల పైకెత్తి చూసి, తర్వాత విస్తరి ముందు కూర్చున్నాడు. కిందటిసారి ముట్టని అన్నం కూడా కలిపి తిన్నాడని వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటాడు.

కానీ పురుగు పోయిందని రుజువు చేయాలి. దూలాల కింద తెల్లటి బట్ట పరిస్తే తెలుస్తుంది. పురుగు ఉంటే ఒక్క రోజులో దాని మీద పొడి రాలుతుంది. గదంతా పట్టేంత తెల్లబట్ట ఆ ఊళ్ళో లేదు. ఇంటికెళ్ళి పెట్టె అడుగున ఉన్న జాజీము తీశాను.

మా ఇల్లాలు వాకిట్లోంచి చూసింది. "గడి పోయినా జాజీము పోలేదని ముప్పై ఏండ్ల సంది నన్ను ముట్టనియ్యలే. ఇప్పుడు పొయ్యి పక్కన పరుస్తరా?"

"నేల మీద పరవడానికే అది."

"గీ ముక్క మా అత్తమ్మ వింటే ఎంత బాగుండు," అని మడత పెట్టి నా చేతికిచ్చింది.

దసరా వెళ్ళిన నాలుగో రోజు ఈఈ మేడం వచ్చింది. ముందు రోజు పొద్దుననే జాజీము పరిచి ఉంచాం. నా చేతిలో రెండు కాగితాలు. ఒకటి శిథిల భవనమని సర్టిఫికెట్, టైపు చేసి సంతకం లేకుండా. రెండోది మరమ్మతు నివేదిక. ఆమె ఏది అడిగితే అది ఇవ్వాలి.

మేడం నడి గదిలో అడుగు పెట్టగానే దగ్గింది. కళ్ళు తుడుచుకుంది. "గడ్డి ఇంట్ల నిప్పు పెట్టించింది ఎవరు?"

"నేను."

"తీసేసింది?"

"అదీ నేనే."

ఆమె నా నోట్ మడత విప్పి మళ్ళీ చూసుకుంది. "తప్పును రాసిచ్చిన ఇంజనీరును నా సర్వీసుల మొదటిసారి చూస్తున్న. ఫైలుల పెట్టాల్నా, ఫ్రేము కట్టించాల్నా?"

ఆమె చెప్పులు విప్పి జాజీము దగ్గర ఒంగి చూసింది. నేనూ చూశాను. పసుపు పొడి ఎక్కడైనా ఒక చిటికెడు ఉంటే ఇల్లు పోయినట్టే. తెల్లటి బట్ట మీద నల్లటి మసి నలుసులు, అక్కడక్కడా ఒక గడ్డి పోచ. పొడి లేదు. ఆమె వేలితో ఒక నలుసును అద్ది చూసింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి నాలుగు మూలలూ గుచ్చింది. నాలుగుసార్లూ మొన దగ్గరే ఆగింది.

"నిప్పంటుకుంటే?" అంది, ఈసారి ఖాలా వైపు తిరిగి.

"నేనొచ్చినప్పటి సంది పొయ్యి వెలుగుతనే ఉండె మేడం, ఇల్లు కాలలే. రెండేండ్లు ఆర్పితె ఇల్లు పాడయ్యె. మీరే చెప్పండ్రి, ఏది ఖత్రా?"

మేడం నవ్వలేదు గానీ చేయి చాపింది. ఏ కాగితం అని నేను అడగకముందే రెండో కాగితం లాక్కుంది. గోడకు ఆనించి సంతకం పెట్టి, కింద తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చింది. భవన నిర్వహణలో భాగంగా ప్రతిరోజూ పొయ్యి వెలిగించవలెను, ఇందుకు ప్రస్తుత వాచ్‌వుమన్‌ను కొనసాగించవలెను. పొయ్యి వెలిగించడం డ్యూటీగా ఉన్న ప్రభుత్వ కాగితం నాకు తెలిసి అదొక్కటే. నా మీద ఒక మందలింపు కూడా అదే రోజు రాసింది. అది నా సర్వీసు పుస్తకంలో ఉన్న ఒకే ఒక మచ్చ. దానికీ నేనే అర్హుడిని, ఇంకొకరికి పంచలేదు.

అందరూ జీపుల దగ్గరికి వెళ్ళారు. నేను జాజీము మడవడానికి లోపలికి వచ్చాను. ఖాలా రొట్టె తిప్పుతోంది. మసి మరకలు చూసి, "ఖరాబైంది సాబ్. ఉతికిస్త," అంది.

"వద్దు. ఉతికితే పురుగు పడ్తది."

ఆమె కడుపుబ్బ నవ్వింది. అటు తర్వాత పళ్ళెంలో రొట్టె పెట్టి, పైన పచ్చిమిరపకాయ కారం వేసి, నా వైపు చూసింది. నేను పొగలో నిలబడి కళ్ళు నలుపుకుంటున్నాను.

"ఇప్పుడు నాదిగూడ డ్యూటీనే సాబ్. సర్కారు రొట్టె. తింటరా, కాయిదం తెమ్మంటరా?"

జాజీమును మళ్ళీ పరిచాను. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒకరి ఇంట్లో నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి. పైన కప్పు కింద పొగ మబ్బులా ఆగి ఉంది.

కింద నిజంగానే పొగ లేదు.